వినబడిన మాట

మానవునకు వేగమునందు మక్కువ నేడు పుట్టినది కాదు. ఎడ్లబండ్ల పందెములు మన పల్లెలకు చిరకాల పరిచితములు. మోటారు కార్ల పందెములు మాత్రము మన నగరమునకు ఇటీవల వచ్చినవి. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు చెంత విద్యుత్తుతో నడచు కార్ల ప్రపంచ స్థాయి పందెము జరిగెను. భారతదేశమున అట్టి ఫార్ములా ఈ పందెము జరుగుట అదియే ప్రథమము. సుమారు 2.8 కిలోమీటర్ల వీథి మార్గమును పలుమార్లు చుట్టి, బ్యాటరీలోని శక్తిని పొదుపుగా వాడుకొని, ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్ విజయము సాధించెను. చూడవచ్చిన జనులకు కార్ల వేగము కనబడినది. చోదకుని చెవిలో క్షణక్షణము పలుకుచున్న మాట మాత్రము కనబడలేదు. ఆ మాటయే లేకున్న నేటి పందెము నడువదు.

పూర్వము ఈ సౌకర్యము లేదు. పందెపు కారులో చోదకుని ప్రక్కన ఒక మెకానిక్కు కూర్చుండి, వెనుక వచ్చుచున్న కార్లను చూచి చెప్పుచుండెడివాడు. 1911లో అమెరికా దేశమున ఇండియానాపొలిస్‌లో జరిగిన 500 మైళ్ల పందెమున రే హారూన్ అనునతడు ఆ మనిషికి బదులుగా ఒక అద్దమును బిగించుకొని ఒంటరిగా నడిపి గెలిచెను. 1955లో ఇటలీ దేశమున సుమారు 1,600 కిలోమీటర్ల మిల్లే మిల్యా పందెమున స్టర్లింగ్ మాస్ కారు నడపగా, డెనిస్ జెంకిన్సన్ అను పత్రికా రచయిత ప్రక్కన కూర్చుండి త్రోవ చెప్పెను. ముందుగా వారు మాటలాడుకొను యంత్రమును పరీక్షించి చూచిరి. అది వారికి అక్కరకు రాలేదు. అందుచే జెంకిన్సన్ మలుపుల వివరములన్నియు ఒక పొడవైన కాగితపు చుట్టపై వ్రాసికొని, చేతి సైగలతో మాస్‌కు తెలుపుచుండెను. పది గంటల ఏడు నిమిషముల నలువదియెనిమిది సెకండ్లలో వారు గమ్యము చేరి జయించిరి. ఒకరి సైగను మరియొకరు సందేహింపకుండుటయే వారి జయమునకు మూలము.

ఇట్టి నమ్మకమును సంపాదించుటకు శ్రీనగర్ కాలనీలోని ఒక కుటుంబము పడిన శ్రమ తెలిసికొనదగినది.

అమీర్‌పేటకు, పంజగుట్టకు సమీపమున నున్న ఈ కాలనీలో ఒక అన్నయు చెల్లెలును కలరు. అన్న ఇంజనీరింగు చదివి ఉద్యోగము చేయుచుండెను; చెల్లెలు కళాశాలలో చదువుచుండెను. ఇరువురును ర్యాలీ పందెములందు ఆసక్తి గలవారు. ర్యాలీ యనగా ఒకే మార్గమును చుట్టి వచ్చుట కాదు. మట్టిదారులలో, తోటల నడుమ, ఒకరి తరువాత ఒకరు కాలమును లెక్కించుకొనుచు సాగుట. ముందు రాబోవు మలుపు చోదకునకు కనబడదు. సహచోదకుడు ముందుగా వ్రాసికొన్న గుర్తులను చదివి వినిపింపవలెను. అన్న నడుపును, చెల్లెలు చదువును.

ఒక పందెమున వారి పాత ఇంటర్‌కమ్ తీగ సడలి, "ఎడమ" యన్న మాట సగములో తెగిపోయెను. కారు దారి తప్పి పొలము గట్టుపైకి ఎక్కి నిలిచెను. దైవవశమున ఎవరికిని గాయములు కాలేదు. కాని ఇంటికి వచ్చిన పిదప తల్లి ఖండితముగా చెప్పెను: "మీరిరువురు ఒకరి మాట ఒకరికి తప్పక వినబడునట్లు చేసికొనునంతవరకు ఆ కారు గేటు దాటరాదు."

అన్నకు పందెపు దినము సమీపించుచున్నదన్న తొందర. కూడబెట్టిన సొమ్ము కొలదిగా నున్నది. ఆ సొమ్ముతో కారు నుండి దూరముననున్న తమ బృందముతో మాటలాడుటకు మంచి రేడియో కొనవచ్చును. లేదా కారులోని ఇరువురు మాటలాడుకొనుటకు మంచి ఇంటర్‌కమ్ కొనవచ్చును. రెండింటికి చాలదు. అన్న రేడియో వైపు మొగ్గెను.

"అన్నయ్యా! దూరమున నున్నవారు నీతో మాటలాడకున్నను కారు దారిలోనే యుండును. ప్రక్కనున్న నేను మాటలాడకున్న దారి తప్పును. ఏది ముందు?" అని చెల్లెలు ప్రశ్నించెను.

వారి తండ్రి దక్షిణ మధ్య రైల్వేలో సిగ్నలు, టెలిఫోను శాఖయందు చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడు. ఆయన చెప్పెను: "అమ్మాయి అడిగినది న్యాయముగానే యున్నది, నాయనా. చుట్టుపందెమునకు రేడియో ప్రాణము. ర్యాలీకి ఇంటర్‌కమ్ ప్రాణము. మీరు ఆడు ఆటను బట్టి కొనుడు. మరియొక సంగతి. ఆకాశమున ఎవరికి ఇచ్చ వచ్చినట్లు వారు మాటలాడుటకు వీలులేదు. పోలీసులు, విమానములు, రైళ్లు వాడు తరంగములలో మన మాట చొరబడినచో ఎవరికో ఆపద కలుగవచ్చును. అందుచే శక్తిమంతమైన రేడియోలకు ప్రభుత్వపు అనుమతి వలయును. 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జుల నడుమ పనిచేయు చిన్న చేతి రేడియోలకు మాత్రము నిర్ణీత నియమములకు లోబడి లైసెన్సు మినహాయింపు కలదు. ప్రస్తుతము బృందముతో మాటలాడుటకు అవి చాలును."

ఆ చిన్న రేడియోలు ఎంత దూరము పనిచేయునో వారు పరీక్షించిరి. ఇంటినుండి పంజగుట్ట దిక్కుగా నడచినప్పుడు ఎత్తయిన భవనములు అడ్డుపడి మాట సన్నగిల్లెను. తండ్రి మేడపైకి ఎక్కి మాటలాడగా మరల స్పష్టమయ్యెను. రేడియో తరంగము సెకండునకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. ఐనను కొండను, కట్టడమును అడ్డగించిన చోట బలహీనపడును. అట్టి చోట్ల యంత్రపు శక్తిని పెంచుటకంటె ఏరియల్‌ను ఎత్తున నిలుపుట మేలు. ఏరియల్ పొడవును తరంగపు పొడవును బట్టి యుండవలెను. 446 మెగాహెర్ట్జుల తరంగము సుమారు 67 సెంటీమీటర్ల పొడవుండును. అందు నాలుగవ వంతు, అనగా దాదాపు 17 సెంటీమీటర్ల కడ్డీ దానికి తగినది. 150 మెగాహెర్ట్జుల తరంగమునకు అరమీటరు కడ్డీ కావలసి యుండును.

ఇక ఇంటర్‌కమ్ మాట. కోఠీలోని గుజరాతీ గల్లీలో విద్యుత్ పరికరముల దుకాణములు పెక్కు కలవు. అక్కడను, ఇతర చోట్లను విచారించి, పరీక్షించుటకు రెండింటిని అరువు తెచ్చిరి. మొదటిది తీగలు లేనిది, చూచుటకు సొంపైనది, పెద్ద ధ్వని గలది. రెండవది తీగలతో కూడిన సాదా పెట్టె. అన్నకు మొదటిదే నచ్చెను.

తండ్రి ఇట్లు హెచ్చరించెను: "గంటకు 90 కిలోమీటర్ల వేగమున కారు సెకండునకు 25 మీటర్లు పోవును. మాట పదవ వంతు సెకండు ఆలస్యమైనను కారు రెండున్నర మీటర్లు ముందునకు పోయి యుండును. తీగలేని యంత్రమున ఆలస్యమెంత, బ్యాటరీ ఎంతసేపు నిలుచును అని అడుగుడు. అందమును తరువాత చూడవచ్చును."

వారు కారును ఇంటిముందు నిలిపి, మునుపు పందెములో పట్టియుంచిన ఇంజను రొదను లోపల పెద్దగా వినిపించిరి. అన్న హెల్మెట్ ధరించి కూర్చుండెను. చెల్లెలు నలువది మాటలు చదివెను. అన్న తనకు వినబడినది వినబడినట్లు కాగితముపై వ్రాసెను. తండ్రి రెండింటిని సరిపోల్చెను. సొంపైన యంత్రముతో తొమ్మిది మాటలు తప్పినవి. ధ్వని ఇంకను పెంచిరి, తప్పులు తగ్గలేదు. మాటతోపాటు రొదయు పెరిగినది గదా! మీదుమిక్కిలి చెవులు నొచ్చినవి. 85 డెసిబెల్‌లకు మించిన శబ్దమును దినమునకు ఎనిమిది గంటలు వినుట చెవికి హానికరమని వైద్యులు చెప్పుదురు. కావున ధ్వనిని పెంచుటకంటె రొదను తగ్గించుటయే సరియైన మార్గము.

సాదా పెట్టెలో ఆ నేర్పు కలదు. దాని మైకు పెదవులకు దాదాపు తాకునట్లుండును. ఆ మైకునకు ముందొక రంధ్రము, వెనుకనొక రంధ్రము కలవు. దూరమునుండి వచ్చు రొద రెండు వైపులను ఇంచుమించు సమానముగా త్రోసి తనంత తానే రద్దగును. పెదవులనుండి వచ్చు మాట ముందు వైపున హెచ్చుగా తాకుటచే నిలిచియుండును. వినుటకు హెల్మెట్‌లోని స్పీకరునకు బదులు చెవిలో ఇమిడి బయటి శబ్దమును అడ్డగించు చిన్న ఇయర్‌ఫోనులు వాడిరి. ఒకే రూపమున కనబడు ప్లగ్గులు గూడ లోపలి తీగల అమరికలో భేదించునని తెలిసికొని, రెండు హెల్మెట్‌లకును పెట్టెకును ఒకే అమరిక గలవానిని ఎంచిరి. ఈమారు నలువదింటిలో రెండు మాటలు మాత్రమే తప్పినవి.

ఆ రెండును ఏవో చూడగా, "మూడు" అన్న చోట అన్న "ఏడు" అనియు, "ఏడు" అన్న చోట "మూడు" అనియు వ్రాసియుండెను. అన్న యంత్రమును మరల విప్పబోయెను. చెల్లెలు వారించెను.

"అన్నయ్యా! ఇది యంత్రపు దోషము కాదు. ఆ రెండు మాటలును ఒకే విధముగా ముగియుచున్నవి. రొదలో మొదటి అక్షరము పోయినచో మిగిలినది 'డు' మాత్రమే. మాటనే మార్చుకొందము. కుడి, ఎడమ అనువానితో చిక్కు లేదు. ఒకటి రెండక్షరములది, మరియొకటి మూడక్షరములది."

ఆ రాత్రి ఆమె పుస్తకమంతయు తిరగవ్రాసెను. "ఏడు" అను గుర్తు వచ్చిన చోటులనెల్ల "సెవెన్" అని మార్చెను. మరుసటి దినమున నలువదికి నలువదియు సరిపోయినవి.

తండ్రి సంతసించి, మరియొక నియమమును చేర్చెను. రైల్వేలో ఒక స్టేషను మాస్టరు మరియొక స్టేషను మాస్టరుతో బండి విషయమై మాటలాడునప్పుడు, మాట చేరినదని రుజువుగా రహస్య సంఖ్యలను మార్చుకొందురు. చెప్పినంత మాత్రమున పని తీరదు, చేరినట్లు తెలియవలెను. కావున బయలుదేరుటకు ముందు చెల్లెలు చెప్పిన మాటను అన్న తిరిగి పలుకవలెనని ఆయన నిర్ణయించెను.

చివరకు తల్లి వచ్చి, తానే హెల్మెట్ ధరించి కారులో కూర్చుండెను. కుమార్తె చదివిన మాటలన్నియు రొద నడుమ ఆమెకు స్పష్టముగా వినబడినవి. ఆమె హెల్మెట్ తీసి కుమారునితో, "బాగున్నది. ఏ యంత్రమైనను ఒకనాడు చెడును. నీ చెల్లెలి మాట వినబడనప్పుడు నీవేమి చేయుదువు?" అని అడిగెను.

అన్న బదులు చెప్పలేకపోయెను. అంతవరకు ఆతడు వినబడు మాటను గూర్చియే ఆలోచించెను. వినబడని మాటను గూర్చి ఆలోచింపలేదు.

"మాట వినబడనిచో దారి తిన్నగా నున్నదని అనుకొనకుము, బాబూ. మలుపున్నదనియే అనుకొనుము. కాలు వెంటనే తీయుము" అని తల్లి చెప్పి, గేటు తెరచెను.

తరువాతి పందెమున వారికి బహుమతి రాలేదు. నడిమి వరుసలో ముగించిరి. దారిలో ఒకచోట, గతుకునకు ప్లగ్గు ఊడి చెల్లెలి గొంతు హఠాత్తుగా ఆగిపోయెను. అన్న వెంటనే వేగము తగ్గించెను. ఎదుట చెట్ల చాటున తీవ్రమైన మలుపు, దాని అంచున లోతైన గోతి కనబడినవి. కారు మెల్లగా మలుపు తిరిగెను. చెల్లెలు ప్లగ్గును మరల గ్రుచ్చి, తరువాతి గుర్తును చదువసాగెను. వారు పోగొట్టుకొన్నవి కొన్ని సెకండ్లు మాత్రమే.

ఉత్తమమైన యంత్రమును ఎన్నుకొనుట వివేకమే. ఆ యంత్రము మోయవలసిన మాటను సరిదిద్దుకొనుట అంతకంటె వివేకము. మాట ఆగిపోయినప్పుడు ఏమి చేయవలెనో ముందే నిశ్చయించుకొనుట అన్నిటికంటె వివేకము.