ఇంకొక్క ఏడాది ఉండు పిన్నమ్మా

మా రామసముద్రం వైపు సంక్రాంతి ముందూ వెనకా ఏ ఇంట్లో చూసినా అనపకాయలే. గింజలు వలిచి, రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనే వేళ్ళతో నొక్కి తోలు తీసి పితికినపప్పు చేసుకుంటాం. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిసి కూర్చుంటేగానీ తెమలని పని అది. అందుకే ఆ పని దగ్గర మాటలు కూడా ఎక్కువే.

పోయినేడు ఫిబ్రవరిలో అట్లాగే కూర్చున్నాం. నేను, మా పిన్నమ్మ, పక్కింటామె. టీవీలో అమెరికా నుంచి తిప్పి పంపినవాళ్ళ వార్త వస్తోంది. 2025 ఫిబ్రవరి 5న 104 మందితో ఒక సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది, మీకూ గుర్తుండే ఉంటుంది. దారి పొడుగునా చేతులకు బేడీలు, కాళ్ళకు గొలుసులు వేసి తెచ్చారని దిగినవాళ్ళు చెబుతున్నారు.

"దొంగదావన పోయినోళ్ళకి బేడీలెయ్యక పూలదండలేస్తారా?" అంది పక్కింటామె. ఆమెది చెడ్డ మనసేమీ కాదు. మనమందరం అనే మాటే. నేను కూడా తల ఊపబోయి పిన్నమ్మ వైపు చూశాను. ఆమె చేతులు ఆగిపోయాయి. గింజ వేళ్ళ మధ్యనే ఉంది.

"నేనూ దొంగదాన్నే కదమ్మా, నాలుగేండ్లు," అంది నెమ్మదిగా.

పక్కింటామె నాలుక కరుచుకుంది. నేను టీవీ ఆపేశాను. ఆరోజు పిన్నమ్మ చెప్పినవాటిలో సగం నాకు తెలిసినవే. మిగతా సగం గురించే ఈ ఏడాదంతా ఆలోచిస్తున్నాను.

పిన్నమ్మ 2012లో కువైట్ పోయింది. వరసగా రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది వెయ్యి అడుగులు దాటినా దుమ్మే వచ్చింది. ఆ అప్పు ఒకవైపు. మదనపల్లె మార్కెట్టుకు తీసుకుపోయిన టమోటా బాడుగలు కూడా తేలక, గట్టున పారబోసి వచ్చిన ఏడాది అది. రాయచోటి వైపు నుంచి ఆడవాళ్ళు చాలామంది పోతారు కదా, వాళ్ళ ద్వారానే ఒక ఏజెంటు దొరికాడు. ఇంటిపని వీసా. అక్కడ దాన్ని ఇరవై నంబరు అంటారట, పనిమనిషిని ఖద్దామా అంటారట. పిన్నమ్మకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. కూతురు ఎనిమిదో తరగతి. మా అవ్వ దగ్గర వదిలి చెన్నైలో విమానం ఎక్కింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఆ వీసా మనిషికి కాదు, ఇంటికి. ఆ ఇంటి యజమానిని కఫీల్ అంటారు. అఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, ఆయన పేరుతోనే ముడిపడి ఉంటుంది. ఆ ఇల్లు కాదని ఇంకో ఇంట్లో పనిచేస్తే తప్పు. చెప్పకుండా బయటికి వస్తే ఆయన పోలీసులకు ఫిర్యాదు చేస్తాడు, పనిమనిషి పారిపోయిందని. ఆ ఒక్క కాగితంతో నిన్నటిదాకా వీసా ఉన్న మనిషి ఈరోజు దొంగ అయిపోతుంది. మన వాళ్ళు అట్లాంటివాళ్ళను 'ఖల్లివల్లి' అంటారు.

మొదటి రెండేళ్ళూ పిన్నమ్మకు బాగానే గడిచింది. తర్వాత ఆ ఇంటి పెద్దామె ఇంటికి కూడా పంపడం మొదలుపెట్టారు. ఒక జీతానికి రెండిళ్ళ చాకిరి. తర్వాత ఆ జీతమూ ఆగింది. అయిదు నెలలు. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో. 2016లో ఒకరోజు తెల్లవారుజామున చెత్త సంచి తీసుకుని గేటు దాటింది. సంచి డబ్బాలో వేసి, వెనక్కి తిరగకుండా నడిచిపోయింది.

అప్పటికే కువైట్‌లో ఇంటిపనివాళ్ళ కోసం చట్టం ఉంది. 2015లో చేసిన 68వ నంబరు చట్టం. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు. మరుసటి ఏడు కనీస జీతం అరవై దినార్లని కూడా నిర్ణయించారు. ఇవన్నీ నేను ఈమధ్య చదివి తెలుసుకున్నవి. పిన్నమ్మకు చెబితే నవ్వింది. "ఆ చట్టం మా మామకు తెలీదు పాపా. ఫిర్యాదు ఎట్ల చెయ్యాల్నో మటుకు తెలుసు," అంది. మామ అంటే అక్కడ యజమానురాలు.

తర్వాత నాలుగేళ్ళు హసావిలో ఒక గదిలో ఏడుగురు మన ఆడవాళ్ళతో ఉంది. గంటల లెక్కన ఇళ్ళు తుడిచేది. నిజం చెప్పాలంటే ఆ నాలుగేళ్ళే మాకు డబ్బు సక్రమంగా వచ్చింది. సివిల్ ఐడీ లేదు కాబట్టి వేరేవాళ్ళ పేరుమీద పంపేది. బోరు అప్పు తీరింది. ఇంటికి స్లాబు పడింది. చెకింగ్ అని ఎవరైనా అరిస్తే మెట్ల కింద దాక్కునేదని మాకు తెలీదు. తెలుసుకోలేదు.

2018 జనవరిలో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. జనవరి 29 నుంచి ఫిబ్రవరి 22 దాకా అన్నారు, తర్వాత ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. అప్పట్లో అఖామా లేనివాళ్ళకు రోజుకు రెండు దినార్ల జరిమానా ఉండేది, అది ఆరు వందల దినార్ల దాకా పెరిగేది. క్షమాభిక్షలో పోతే ఆ జరిమానా కట్టక్కర్లేదు. కోర్టు కేసులు లేకపోతే ఔట్‌పాస్ తీసుకుని నేరుగా విమానం ఎక్కవచ్చు. ముఖ్యమైనది ఇంకొకటి. అట్లా పోయినవాళ్ళు మళ్ళీ కొత్త వీసామీద రావచ్చు. దొరికిపోతే మాత్రం అప్పట్లో తల్హాలోని డిపోర్టేషన్ కేంద్రంలో పెట్టి, వేలిముద్రలు తీసుకుని పంపేవాళ్ళు. ఆ ముద్రలు పడ్డాక మళ్ళీ అడుగు పెట్టనివ్వరు.

ఆ నెలలోనే ఒకరాత్రి పిన్నమ్మ ఐమోలో ఫోన్ చేసింది. "పాపా, ఔట్‌పాస్ ఇస్తా ఉండారంట. వచ్చేస్తా," అంది.

అప్పటికే ఆమె కూతురి సంబంధం ఖాయం చేసుకున్నాం. వేసవిలో పెండ్లి. బంగారం ఇంకా కొనలేదు. చిన్నాయన నా దగ్గరికి వచ్చి, "నువ్వు చదువుకున్నదానివి, నీ మాటైతే వింటుంది, చెప్పు," అన్నాడు. నేను చెప్పాను. చాలా తెలివిగా, లెక్క వేసి మరీ చెప్పాను. ఇప్పుడు వచ్చేస్తే వడ్డీ ఎంత, ఏడాది ఉంటే మిగిలేది ఎంత. చివరికి, "ఇంకొక్క ఏడాది ఉండు పిన్నమ్మా, పెండ్లి గట్టెక్కితే అందరికీ నిమ్మళం," అన్నాను.

కొంచెంసేపు ఏమీ వినపడలేదు. నెట్ కట్ అయిందేమో అనుకున్నాను. "సరే పాపా," అంది.

కూతురి పెండ్లి తల్లి లేకుండానే జరిగింది. కాళ్ళు కడిగే పీట మీద చిన్నాయన పక్కన మా అమ్మ కూర్చుంది. 2019లో అవ్వ పోయింది. నేనే ఫోన్ పట్టుకుని చూపించాను. ఎండకు తెర సరిగా కనపడక, "కొంచెం పక్కకు పట్టు పాపా, అమ్మ మొగం కనపడలే," అని ఆమె అడిగిన గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇంకొక్క ఏడాది రెండేళ్ళు దాటింది. 2020లో కరోనా వచ్చింది. ఏ ఇంట్లోకీ పనివాళ్ళను రానివ్వలేదు. ఏప్రిల్ మొదటి వారంలోనే హసావి ఉండే జిలీబ్ ప్రాంతం మొత్తాన్ని మూసేశారు. ఆ నెలలోనే మళ్ళీ క్షమాభిక్ష. మన దేశం వాళ్ళకు ఏప్రిల్ 16 నుంచి 20 దాకా తేదీలు ఇచ్చారు. ఈసారి టిక్కెట్టు కూడా కువైట్ ప్రభుత్వమే పెట్టుకుంటానంది. పిన్నమ్మ ఈసారి మమ్మల్ని అడగలేదు. పేరు రాయించుకుని క్యాంపుకు చేరాక ఫోన్ చేసింది.

అయితే ఇక్కడ మన దేశం విమానాలు ఆపేసి ఉంది. పొమ్మనేవాళ్ళు అక్కడ సిద్ధం, రమ్మనేవాళ్ళు ఇక్కడ లేరు. నెలకు పైగా ఆ క్యాంపులోనే ఉండిపోయింది. ఫోన్ చార్జింగుకు వరస, స్నానానికి వరస. మే నెలలో విమానాలు మొదలయ్యాక వచ్చింది. క్వారంటైన్ ముగించుకుని ఇంటిముందు ఆటో దిగింది. కువైట్ నుంచి వచ్చారంటే కంబళ్ళు, పాలపొడి డబ్బాలు, యాక్స్ ఆయిల్ సీసాలు ఉంటాయని వాకిట్లో పిల్లలు చేరారు. ఆమె భుజాన ఒక గుడ్డసంచి ఉంది, అంతే.

పక్కింటామె అన్న మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. దొంగదావ. పిన్నమ్మ దొంగదావన పోలేదు. వీసాతో, పాస్‌పోర్టుతో, మన ప్రభుత్వం ముద్ర వేయించుకుని పోయింది. ఆమెను దొంగను చేసింది ఇంకొకరు రాసిచ్చిన ఫిర్యాదు. అది నిజమా అని విచారించి, ఆమె మాట కూడా విని తీర్పు చెప్పిన జడ్జి ఒక్కరూ లేరు. కువైట్‌లో హోంశాఖ ఆదేశంతోనే పంపేయవచ్చు. అఖామాలు, డిపోర్టేషన్లు పరిపాలనా కోర్టుల పరిధిలోకి రావని అక్కడి చట్టంలోనే ఉంది.

అమెరికాలో కనీసం ఇమిగ్రేషన్ జడ్జి అని ఒకరు ఉంటారట. తిరిగి పోతే ప్రాణభయం ఉందని శరణు కోరితే ఆయన వింటారు, ఓడితే పైన అప్పీలు బోర్డు ఉంది. కాకపోతే లాయరును ప్రభుత్వం ఇవ్వదు, సొంతంగా పెట్టుకోవాలి. 2025 జనవరి 20న కొత్త అధ్యక్షుడు వచ్చిన రోజే సరిహద్దు దాటి వచ్చినవాళ్ళకు శరణు అడిగే దారి మూసేశారు. జూలైలో వాషింగ్టన్‌లో ఒక జడ్జి అది చెల్లదన్నారు. ప్రభుత్వం పై కోర్టుకు పోయింది. ఆ గొలుసులతో దిగినవాళ్ళలో ఎవరి కథ ఏమిటో, ఎవరు విన్నారో, టీవీ ముందు కూర్చున్న మనకేం తెలుసు?

ఆరోజు పితికినపప్పు దగ్గర పిన్నమ్మ ఇంకో మాట చెప్పింది. లోపలికి పోయి తన పాత పర్సు తెచ్చింది. అందులో పాస్‌పోర్టు సైజు ఫోటోలు నాలుగు, తెల్ల బ్యాక్‌గ్రౌండువి. 2018లో నాకు ఫోన్ చేసేనాటికే ఔట్‌పాస్ కోసం ఫోటోలు దిగేసిందట. సంచి కూడా సర్దుకుందట. నాతో మాట్లాడాక సంచి విప్పి మళ్ళీ బట్టలు అల్మారాలో పెట్టుకుందట. "యాడన్నా పనికొస్తాయని ఫోటోలు పెట్టుకుంటి. రెండేండ్లకు పనికొచ్చె," అంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"నాకు చెప్పొచ్చు కదా పిన్నమ్మా," అన్నాను.

"నువ్వు అడగలే కదా పాపా. ఎందుకు బయటికొచ్చినావు అని ఆ దేశంలో ఎవరూ అడగలే. ఈడా ఎవరూ అడగలే. ఎంత పంపిస్తావనే అడిగినారు."

ఇది రాయడానికి ఏడాది పట్టింది. మళ్ళీ అనపకాయలు వచ్చాయి. పిన్నమ్మకు చదివి వినిపించి, సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను.

మీ ఇళ్ళ నుంచి కూడా ఎవరో ఒకరు అక్కడ ఉండవచ్చు. కువైట్ 2024లో కూడా మార్చి 17 నుంచి జూన్ నెలాఖరు దాకా క్షమాభిక్ష ఇచ్చింది. మళ్ళీ ఎప్పుడిస్తారో చెప్పలేం. ఆ తలుపు కొన్ని వారాలే తెరిచి ఉంటుంది. అప్పుడు ఫోన్ వస్తే నాలాగా లెక్కలు చెప్పకండి. ఇంకా పోని వాళ్ళుంటే, ఇంటిపని కోసం విజిట్ వీసామీద ఎవరు రమ్మన్నా పోనివ్వకండి. ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు మన ప్రభుత్వం అనుమతించదు. ఆ వయసు దాటినవాళ్ళు కూడా ప్రైవేటు ఏజెంటు ద్వారా కాదు, మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ లాంటి వాటి ద్వారానే పోవాలి. పాస్‌పోర్టు, వీసా, కఫీల్ చిరునామా నకళ్ళు ఒక జత ఇంట్లో ఉంచుకోండి. పిన్నమ్మ కఫీల్ పేరేమిటో ఎనిమిదేళ్ళూ మాలో ఒక్కరికీ తెలీదు.

రేపు పొద్దున పితికినపప్పే. గింజలు నానబెట్టాను. పక్కింటామె కూడా వస్తానంది. పిన్నమ్మ మటుకు ఈసారి టీవీ వద్దంది.