బిల్లీకి ఖీమత్ ఎంత?

పిల్లిని డబ్బిచ్చి కొనడం జాయిజేనా? రంజాన్ ఈద్ అయిన వారానికి మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో మొదలైన ఈ బహస్ మూడు రోజులు నడిచింది. కారణం మా భాయిజాన్ కూతురు, పన్నెండేళ్ల పిల్ల. రెండేళ్ల ఈదీ కూడబెట్టుకుని, పర్షియన్ బిల్లీ కావాలని జిద్ పట్టింది.

మసలా చిన్నదేం కాదు. సహీ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) రివాయత్ ఒకటి ఉంది. కుక్క ఖీమత్, పిల్లి ఖీమత్ గురించి అడిగితే, రసూలుల్లాహ్ (స) దాన్ని మనా చేశారని ఆయన జవాబు చెప్పారు. ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుని పిల్లి అమ్మకం కూడదన్న పెద్దల్లో ఇబ్నె హజ్మ్, ఇబ్నె ఖయ్యిమ్ ఉన్నారు. నాలుగు మజ్హబ్‌ల ఉలమాల్లో ఎక్కువమంది మాత్రం జాయిజ్ అన్నారు. ఆ మనాహీ అడవి పిల్లి గురించి అని కొందరి వివరణ. ఇంకో వివరణ ఇమామ్ నవవీ కితాబులో కూడా కనిపిస్తుంది: జనం పిల్లుల్ని ఒకరికొకరు ఊరికే ఇచ్చుకునే ఆదత్ పోకూడదని అలా చెప్పారట.

నాకు ఈ రెండో వివరణ మీదే మనసు నిలిచింది. మా మొహల్లాలో పిల్లిని కొన్నవాళ్లెవరూ నాకు గుర్తు లేరు. "మీ బిల్లీ ఈనిందట కదా ఖాలా, ఒక పిల్ల మాకివ్వండి" అని అడిగేవాళ్లు. గోనెసంచిలో వేసి, దారి గుర్తుపెట్టుకోకుండా రెండు గల్లీలు తిప్పి తీసుకెళ్లేవాళ్లు. అది మర్నాడు పొద్దున్నే మళ్లీ మా బావర్చీఖానాలో ఉండేది, అది వేరే సంగతి.

భాయిజాన్ గ్రూపులో ఫత్వా పెట్టేసి బహస్ ముగించాడు. జాయిజ్ కాబట్టి కొందాం అన్నాడు. నేను కాదనలేదు. కానీ కొనేముందు ఆ పిల్ల పుట్టిన చోటు చూద్దాం అన్నాను. హైదరాబాద్‌లో ఒక బ్రీడర్ ఇంటికి ముగ్గురం వెళ్లాం.

కింద హాల్లో అంతా బాగుంది. ఏసీ, సోఫా, బుట్టలో నాలుగు తెల్లటి పిల్లలు. "డాల్ ఫేస్ అయితే ఒక రేటు ఆపా, పంచ్ ఫేస్ అయితే ఇంకో రేటు" అన్నాడు కుర్రాడు. పంచ్ అంటే ముక్కు లోపలికి నొక్కేసినట్టు ఉండడం. ముఖం ఎంత చప్పిడిగా ఉంటే ధర అంత ఎక్కువ. ఎన్ని రోజుల పిల్లలని అడిగితే నలభై అన్నాడు. పిల్లికూన తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు ఉండాలి, పన్నెండు ఉంటే ఇంకా మంచిది. ఆ వారాల్లోనే అది కరవకుండా ఆడుకోవడం, మట్టిలో దొడ్డికి పోవడం నేర్చుకుంటుంది. నలభై రోజులకే ఎందుకంటే, ఇంకో నెల పోతే ముద్దు తగ్గుతుంది, గిరాకీ తగ్గుతుంది.

తల్లిని చూపించమన్నాను. ఇష్టం లేకుండానే మేడ మీదికి తీసుకెళ్లాడు. రేకుల గదిలో ఇనుప బోన్లు. ఒక్కో బోనులో ఒక్కో ఆడపిల్లి. తిండి ఉంది, నీళ్లున్నాయి. పిల్లిని కట్టేసి ఆకలితో చంపినందుకు జహన్నుమ్ పాలైన ఔరత్ ఖిస్సా మనందరికీ తెలుసు. ఆ కుర్రాడిని ఆమెతో పోల్చను. కానీ ఆ తల్లి పొట్ట కింద వెంట్రుకలు ఉండలు కట్టి ఉన్నాయి, కళ్ల నుంచి నీరు కారి ముఖం మీద చారలు పడ్డాయి. ఇది ఎన్నో కాన్పు అంటే "లెక్క పెట్టలేదు ఆపా" అని నవ్వాడు.

ఆ కళ్ల నీరు మురికి వల్ల కాదు. ముఖాన్ని అంత చప్పిడిగా తయారు చేస్తే కన్నీటి నాళం వంకర పోతుంది, ఊపిరికీ తక్లీఫే. దానికి తోడు పర్షియన్లలో వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బు ఒకటుంది. కిడ్నీల్లో నీటి బుడగలు పుట్టుకతోనే మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా పుట్టే పిల్లల్లో సగానికి రావచ్చు. దానికి కారణమైన జన్యులోపాన్ని 2004లో కనుక్కున్నారు. ఇప్పుడు ఒక్క పరీక్షతో తేలిపోతుంది. ఆ టెస్టు కాగితం ఉందా అని అడిగాను. టీకా కార్డు చూపించాడు, అందులో డాక్టర్ సంతకం లేదు.

అందరూ ఇలాగే ఉంటారని అనను. తల్లినీ తండ్రినీ చూపించి, పరీక్ష కాగితాలు చేతిలో పెట్టి, పన్నెండు వారాలు నిండేదాకా పిల్లను ఇవ్వనని చెప్పే బ్రీడర్ దొరికితే, ఆ షౌఖ్ ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. అలాంటివాళ్లు గిరాకీ వచ్చిన రోజే అమ్మరు, వెయిటింగ్ లిస్టు పెడతారు.

మెట్లు దిగుతుంటే మా పిల్ల అడిగింది: "ఫుప్పూ, మనం కింది బిల్లీని కొంటే పైన ఉన్నదాన్ని వదిలేస్తారా?" లేదమ్మా, మళ్లీ కట్టిస్తారు అన్నాను. కార్లో ఇంకేం మాట్లాడలేదు.

వారం తర్వాత, వీధి పిల్లుల్ని కాపాడి ఇళ్లకు ఇచ్చే ఒకావిడ దగ్గరికి వెళ్లాం. బ్యాంకు ఉద్యోగి. రెండు గదుల అద్దె ఇంట్లో పందొమ్మిది పిల్లులు. వాసన ఉంది, ఎందుకు దాచాలి. డబ్బు అడగలేదు కానీ సవాళ్లు అడిగింది. బాల్కనీకి వల ఉందా? ఇంట్లో అందరికీ రజామందీయేనా? ఊరెళితే ఎవరు చూస్తారు? ఆపరేషన్ చేయిస్తారా? భాభీకి కోపం వచ్చింది. "పిల్లిని ఇమ్మంటే రిష్తా చూసినట్టు చూస్తోంది" అంది చెవిలో. నాకు మాత్రం ఆవిడే సరిగా అడుగుతోంది అనిపించింది. మేడ మీది కుర్రాడు మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు మరి.

ఆపరేషన్ మాట దగ్గర అమ్మీజాన్ ఫోన్లో అడ్డం పడింది, అల్లాహ్ పుట్టించినదాన్ని కోయడమేంటని. జాన్వర్ మేలు కోసమైతే హనఫీ ఫిఖ్‌లో గుంజాయిష్ ఉందని మా మస్జిద్ మౌలానా సాబ్ చెప్పాక శాంతించింది.

ఊరికే వచ్చినదానికి ఖర్చుండదు అనుకునేవాళ్లకు ఒక మాట. వీధి పిల్లలకు పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు సోకితే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. దాని టీకా మూడు నాలుగు వారాల తేడాతో మళ్లీ వేయించాలి, పన్నెండు వారాలు దాటాక రేబిస్ టీకా, మధ్యలో నులిపురుగుల మందు. పాలల్లో రొట్టె నానబెట్టి పెట్టడం మన ఇళ్లలో రివాజు గానీ, చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. కొత్త పిల్లిని ఇంట్లో పాత పిల్లితో కలిపే ముందు కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి.

ఆ ఇంట్లో ఒక తెల్ల పర్షియన్ కూడా ఉంది. నాలుగేళ్లది, కాన్పులకు ఇక పనికిరాదని ఎవరో అట్టపెట్టెలో పెట్టి గేటు ముందు వదిలారట. బొచ్చు మొత్తం గొరిగించాల్సి వచ్చింది. మా పిల్ల దాని ముందే చాలాసేపు కూర్చుంది. కానీ దాన్ని రోజూ దువ్వాలి, కళ్లు తుడవాలి. స్కూలు, అరబీ క్లాసు, ట్యూషన్ మధ్య ఈ పిల్ల వల్ల అవుతుందా అని ఆవిడే సందేహపడి ఇవ్వలేదు. బదులుగా అన్నాచెల్లెళ్లు రెండు దేశీ పిల్లల్ని ఇచ్చింది. ఒకటి గోధుమ రంగు, ఒకటి చారలది.

ఈదీ డబ్బు వలకీ టీకాలకీ సరిపోయింది, పైన భాయిజాన్ కొంత వేశాడు. చారలది అమ్మీజాన్ వజూ నీళ్ల మగ్గులో మూతి పెడితే, ఆ నీళ్లు పాకే, ఇంట్లో తిరిగే మఖ్లూఖ్ కదా అని హజ్రత్ అబూ ఖతాదా (రజి) హదీస్ గుర్తు చేసి మాకే దర్స్ ఇస్తోంది ఇప్పుడు.

మొన్న ఆదివారం ఫొటోలు పంపమని ఆ బ్యాంకు ఆవిడ ఫోన్ చేసింది. మాట్లాడి పెట్టేయబోతుంటే భాభీ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "ఆ తెల్ల బిల్లీని ఎవరైనా తీసుకెళ్లారా?" అని అడిగింది. ఇంకా లేదట.