వంకర ఇల్లు

మద్యశాల సంగతి మన పత్రికలో ఏమిటని పాఠకులు నొసలు చిట్లించవద్దు. మేము చెప్పబోయేది దాని గోడల గురించి.

ఇంగ్లండు దేశంలో స్టాఫర్డ్‌షైర్ జిల్లా, హిమ్లీ గ్రామం దగ్గర 1765లో ఒక రైతు ఇల్లు కట్టారు. అదంతా బొగ్గు గనుల ప్రాంతం. ఇంటి క్రింద బొగ్గు తవ్వుకుపోయారు. ఖాళీ అయిన చోట పైకప్పు కుంగింది, దానితోపాటు నేల కుంగింది, ఇంట్లో ఒక ప్రక్క నాలుగు అడుగులు దిగబడింది. బొగ్గు తీసిన చోట ఇసుక ఎందుకు నింపుతారో కొత్తగూడెం, ఇల్లందు సంఘాలవారికి మేము వేరే చెప్పనక్కరలేదు.

1830 ప్రాంతంలో అది మద్యశాల అయింది. ఆ భూస్వామి సర్ స్టీఫెన్ గ్లిన్ పేరే దానికి పెట్టారు. ఈయన అయిదు వేలకు పైగా దేవాలయాలు తిరిగి చూచి, వాటి కట్టడపు వివరాలు వ్రాసిపెట్టిన మనిషి! అటువంటివాని పేరు సారా కొట్టుకు దక్కింది. జనం మాత్రం 'వంకర ఇల్లు' అనే పిలిచారు. లోపల బల్ల మీద గోలీ పెడితే ఎత్తుకు దొర్లినట్టు కనబడేది. నిట్టనిలువుగా వ్రేలాడే దీపమే అక్కడ వంకరగా తోచేది.

1940లలో దీనిని పడగొట్టాలని తీర్మానించారు. ఒక సారా కంపెనీ కొని, ఉక్కు దూలాలు, ఆనుగోడలు పెట్టి నిలబెట్టింది. వంకర తీయలేదు, పడకుండా పట్టుకున్నారు, అంతే. ఆ పని మాకు మెచ్చదగినదిగా తోచింది.

అంతకాలం నిలిచిన ఇల్లు 2023లో అమ్ముడుపోయింది. ఆగస్టు 5 రాత్రి నిప్పంటుకుంది. 7వ తేదీన యంత్రంతో నేలమట్టం చేశారు. మొత్తం కూల్చడానికి తాము అనుమతి ఇవ్వలేదని స్థానిక కౌన్సిలు చెప్పింది. నిప్పు ఎవరైనా పెట్టారేమోనని పోలీసులు విచారణ మొదలుపెట్టారు. ఊరివారు వచ్చి ఇటుకల కుప్ప ముందు నిలబడ్డారు. వారిలో త్రాగనివారు కూడా ఉండే ఉంటారని మా నమ్మకం. తాతముత్తాతలు దిగిన గనికి పైన మిగిలిన గురుతు అదే గదా.

2024 ఫిబ్రవరిలో కౌన్సిలు ఆజ్ఞ ఇచ్చింది: మూడేండ్లలో మరల కట్టాలి, నిప్పంటుకొనక ముందు ఉన్నట్టే. యజమానులు అప్పీలు చేసుకున్నారు. ఉన్నట్టే అంటే వంకరతో సహా. ఆమోసు చూచిన మట్టపుగుండు చేతబట్టుకొని, నాలుగు అడుగుల వాలు తప్పకుండా గోడ లేపవలసిన మేస్త్రీని తలచుకుంటే మాకు నవ్వు వస్తున్నది, జాలీ వేస్తున్నది.