కోరిన పాట

రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దిగింది మొదలు కొబ్బరిచెట్టు మనని వదలదు. కాలవ, కాలవ మీద చిన్న వంతెన, గట్టు మీద అరటిగెలలు, మళ్లీ కాలవ. ఈ అందాన్ని వర్ణించినవారు చాలామంది ఉన్నారు. వారికంటె బాగా నేను వర్ణించలేను. అయితే కోనసీమకు వెళ్లిన ప్రతివాడూ కళ్లు తీసుకువెళ్లి చెవులు ఇంటిదగ్గర మరిచిపోతాడు. ఈసారి నేను చెవులు కూడా వెంటబెట్టుకు వెళ్లేను.

అది కనుమనాడు. కొత్తపేట మీదుగా అంబాజీపేట, అక్కడినుంచి మొసలపల్లి. ఆ ఊళ్లో జగ్గన్నతోట అని ఒక కొబ్బరితోట ఉంది. అందులో గుడి లేదు, గోపురం లేదు. ఏడాదికి ఒక్కరోజు, కనుమనాడు, చుట్టుపక్కల పదకొండు గ్రామాల నుంచి పదకొండుమంది రుద్రులు ప్రభల మీద అక్కడికి విచ్చేసి, పొద్దు వాలేదాకా కొలువుదీరి, ఎవరి ఊరికి వారు వెళ్లిపోతారు. నాలుగు వందల ఏళ్లుగా ఇలా జరుగుతోందని చెప్పుకుంటారు. 2023లో రిపబ్లిక్ దినోత్సవానికి మన రాష్ట్రం ఢిల్లీకి పంపిన శకటం ఈ ప్రభల తీర్థమే. వెదురుతో కట్టి, రంగురంగుల గుడ్డలతో అలంకరించిన ఆ ప్రభలను మనుషులు భుజాల మీద మోసుకువస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు దారిలో కౌశిక దాటాలి. వంతెన మీదుగా కాదు సుమండీ, నీళ్లలోంచే! అది చూసి తీరవలసిన దృశ్యం.

ప్రతి ప్రభ వెంటా దాని మేళం దానికి ఉంటుంది. ఒక మేళం డోలు సన్నాయి, ఒక మేళం తాషాలు, ఇంకొకటి ఇత్తడి వాయిద్యాల బ్యాండు. ఇన్ని మేళాలు ఒక్క తోటలో చేరి ఎవరి పాట వారు వాయిస్తూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొదటి అరగంట నాకు తలనొప్పి వచ్చింది. తరువాత ఒక చెట్టు మొదట్లో నిలబడి ఒక్క బ్యాండునే వినడం అలవాటు చేసుకున్నాను.

తొమ్మిదిమంది ఉన్నారు. ఎర్రకోటు, జరీ అంచు టోపీ. మేస్టారు క్లారినెట్టు. అరవై ఏళ్లుంటాయి. ప్రభ దించి అందరూ సేద తీరుతున్న సమయం. పది పన్నెండుమంది కుర్రవాళ్లు చుట్టూ మూగేరు.

"మేస్టారూ, మా హీరోది కొత్తపాట వచ్చా?"

"ఆయ్, వస్తాదండి."

"ముందు మాది!" అని రెండో జట్టు. వాళ్ల హీరో వేరు. ఒకడు యాభై రూపాయల నోటు తీసి మేస్టారి కోటుకు గుచ్చేడు. వెంటనే రెండో జట్టువాడు వంద గుచ్చేడు. అక్కడ ఉన్న ఒక పెద్దాయన, ఈ రెండు హీరోలూ ఎవరో ఎరగని మనిషి, "నాటకంలో పద్యం ఒకటి వాయించవయ్యా, తిరుపతి వేంకట కవులది" అని అడిగేడు. ఆయన దగ్గర నోటు ఏమీ లేదు.

మేస్టారు ఎవరికీ కాదనలేదు. ముందుగా పద్యం అందుకున్నాడు. నిమిషంన్నర కంటె ఎక్కువ వాయించలేదు గాని, చివర రాగం తీసేసరికి పెద్దాయన "వన్సుమోరు" అన్నాడు. కుర్రవాళ్లు నవ్వేరు. ఆ నవ్వులోనే యాభై రూపాయలవాళ్ల పాట, దాని వెనకే వంద రూపాయలవాళ్ల పాట నడిచిపోయేయి. ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్న తగాదా లేనేలేదు.

తరువాత టీ దగ్గర అడిగేను, పద్యం ముందు ఎందుకు వాయించేవని.

"డబ్బిచ్చినోళ్లలో ఎవరిది ముందెత్తుకున్నా రెండోవాళ్లకు కోపం వస్తాదండి. డబ్బివ్వని పెద్దమనిషిది ముందెత్తుకుంటే ఎవరికీ కోపం రాదు. ఆ తరువాత రెండూ కలిపి లాగెయ్యడమేనండి" అన్నాడు.

ఇంకో రహస్యం కూడా చెప్పేడు. అడిగినవాడితో "రాదు" అనే మాట బ్యాండువాడి నోట రాకూడదట. రెండే జవాబులు. పాట వస్తే "వస్తాదండి". రాకపోతే "తరువాతండి". ఆ తరువాత అనేది ఆ రాత్రే కావచ్చు, వచ్చే తీర్థానికి కావచ్చు. కాని, మళ్లీ అదే కుర్రవాడు ఎదురుపడే లోపల నేర్చుకుని తీరాలి. పక్క ఊరివాడు గదా, ఎదురుపడక మానడు.

బ్యాండుకు పాట అంటే వరస ఒక్కటే. గొంతు పాడవలసిన భాగం క్లారినెట్టుకో ట్రంపెట్టుకో ఇస్తారు. సినిమాలో వయొలిన్లు వాయించిన భాగం మిగిలిన క్లారినెట్లు పంచుకుంటాయి. మాటలు ఉండవు. మాటలు వినేవాళ్లు తమలో తాము పాడుకుంటారు. అందుకని తెలియని పాట ఎంత గొప్పగా వాయించినా తీర్థంలో చెల్లదు.

ఈ పాటలు నేర్చుకోవడం పూర్వం తేలిక కాదు. సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకంలో మాటలు ఉండేవి, వరస ఉండేది కాదు. వరసకు గ్రామఫోను రికార్డో రేడియోయో దిక్కు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. అయితే 1952లో కేస్కర్ గారు కేంద్రమంత్రి అయి ఆకాశవాణిలో సినిమాపాటను బాగా తగ్గించేశారు. దాంతో దేశం దేశమే రేడియో ముల్లు సిలోను వైపు తిప్పింది. అక్కడినుంచి మీనాక్షి పొన్నుదొరై గారు తెలుగుపాటలు వినిపించేవారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చేక మన రేడియోలో మళ్లీ సినిమాపాటకు చోటు దొరికింది. శ్రోతలు కోరిన పాటలకు ముందు చదివే పేర్లు జ్ఞాపకం ఉన్నాయా? ఇంట్లో ఉయ్యాలలోని పాపాయితో సహా అందరి పేర్లూ రాసి కార్డు పంపేవారు. పాట మూడు నిమిషాలు, పేర్లు నాలుగు నిమిషాలు. మన పేరు రేడియోలో చదివించుకోవడానికీ, తీర్థంలో నోటు గుచ్చి చదివింపు చెప్పించుకోవడానికీ పెద్ద తేడా నాకు కనపడదు. పాట కావాలి, దానితోబాటు ఆ పాట నేనే అడిగేనని నలుగురికీ తెలియాలి.

తమాషా ఏమిటంటే అడిగేవాడు పాటకు ఎప్పుడూ తారల పేరే పెడతాడు. కట్టినవారి పేరు ఎవరూ అనరు. మేస్టారికి నిత్యం వచ్చే కోరికల్లో "మూగమనసులులో జమున పాట" ఒకటట. 1964 నాటి ఆ గోదావరి పాటకు మాటలు దాశరథిగారివి, ఆయన ఓరుగల్లు జిల్లా మనిషి. వరస కె.వి. మహదేవన్‌ది, ఆయన నాగర్‌కోయిల్ వైపువాడు. పాడిన సుశీలగారిది విజయనగరం. ముగ్గురిలో ఒక్కరూ గోదావరివారు కారు. కోనసీమవాళ్లు మాత్రం అది తమ కాలవగట్టున పుట్టిన పాటే అన్నంత ధీమాగా అడుగుతారు.

పోనీ, సొంత సరుకు లేదా అంటే నిక్షేపంలా ఉంది. రాజోలు వోలేటి వెంకటేశ్వర్లుగారి జన్మస్థలం. ఆ దగ్గరలోనే శంకరగుప్తం. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో పుట్టిన ఊరు. ఇంత సంగీతం పుట్టిన నేల కనుకనే కాబోలు, ఇక్కడ వినేవాళ్లకు అడిగే ధైర్యం కూడా ఎక్కువ.

ఆ రాజోలు వైపు నేను మళ్లీ మాఘంలో వెళ్లేను. "పుష్యం వెళ్లేక ముహూర్తాలండి. రాజోలు అవతల పెళ్లి ఒప్పుకున్నాం, రండి" అని మేస్టారే పిలిచేడు. అమలాపురం నుంచి బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి, చీకటి పడే వేళకు ఆ ఊరు చేరేను. ఊరి పేరు అవసరం లేదు.

పందిట్లో సన్నాయి మేళం వేరే ఉంది. బ్యాండు ఊరేగింపుకు, సన్నాయి ముహూర్తానికి. పెళ్లికూతురి తాతగారు పడకకుర్చీలో కూర్చుని మోహనరాగంలో త్యాగరాజ కీర్తన, "నను పాలింప", కావాలన్నారు. సన్నాయి అందుకుంది. పల్లవి అయిందో లేదో మగపెళ్లివారి తరఫు కుర్రకారు "సినిమా! సినిమా!" అని కేకలు. పెద్దాయన ముఖం ఎర్రబడింది. పందిట్లో నలుగురూ చూస్తున్నారు. వియ్యాలవారి మధ్య గొడవ ఇలాంటి చిన్న చిన్న వాటితోనే మొదలవుతుందని మనకు తెలియనిదా?

సన్నాయి మనిషి తల ఎత్తలేదు. చరణం పూర్తిచేసి, డోలుకు సైగచేసి, కొంచెం సేపు స్వరాలు తిప్పేడు. ఆ స్వరాల్లోంచే, ఎక్కడా అతుకు కనపడకుండా, 1957 నాటి మాయాబజార్‌లోని పడవ పాట బయటికి వచ్చింది. అదీ మోహనే గదా! కుర్రవాళ్లు ఈలలు వేసేరు. ఒక విడత వాయించి మళ్లీ కీర్తనలోకి దిగిపోయేడు. తాతగారు కళ్లు తెరవలేదు. తొడమీద తాళం వేస్తున్న చెయ్యీ ఆగలేదు.

"ఇద్దరూ ఒక ఇంటి పిల్లలేనండి" అన్నాడు ఆ మనిషి తరువాత, నోట్లో వక్కపొడి వేసుకుంటూ. "ఒకణ్ణి పిలిస్తే రెండోవాడు తోడు రాడూ?"

ముహూర్తం దాటి ఊరేగింపు బయలుదేరింది. ముందు బ్యాండు, మధ్య కారులో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, వెనక ట్రాక్టరు మీద ఆళ్లెత్తు పాటపెట్టెలు, జనరేటరు. ఇప్పుడు ఏ పెళ్లిలోనయినా ఈ పెట్టెలు తప్పవు. ఏ పాట అడిగినా క్షణంలో వస్తుంది. "తరువాతండి" అనవలసిన అవసరమే లేదు. మేస్టారి బ్యాండులో ఒకప్పుడు ఇరవైమంది ఉండేవారట. నేను చూసింది తొమ్మిదిమందిని.

కాలవగట్టు మీద దారి ఒక్కటే. ఊరు మలుపు తిరిగేసరికి ఒక ఇంటి అరుగు మీద దీపం పెట్టి ఉంది. ముందురోజే ఆ ఇంట్లో ఎవరో పోయేరు. మేస్టారు చెయ్యి ఎత్తేడు. తొమ్మిది వాయిద్యాలూ ఒక్కసారి ఆగిపోయేయి.

"అయిదు వందలు చదివించేం, మా పాట సగంలో ఆపుతావేం?" అన్నాడు ఒకడు. తాగినవాడు కాదు, చెడ్డవాడూ కాదు, పైఊరివాడు, అంతే. మేస్టారు ఏమీ చెప్పలేదు. కోటుకు గుచ్చిన నోటు తీసి వాడి చేతిలో పెట్టేసి నడక సాగించేడు. బ్యాండు అంతా చెప్పుల చప్పుడుతో వెళుతోంది. వెనక పెట్టెలు మాత్రం మోగుతూనే ఉన్నాయి. జనరేటరు రొదలో ఆ నడిపే కుర్రవాడికి ఏమి తెలుస్తుంది పాపం! పెళ్లికూతురి మేనమామ పరిగెత్తుకు వెళ్లి చెప్పేక ఆపేడు. అప్పటికే ట్రాక్టరు ఆ అరుగు ముందు ఉంది. అరుగు మీద కూర్చున్న ఆవిడ లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

పది ఇళ్లు దాటేక బ్యాండు మళ్లీ ఎత్తుకుంది. ఆగిన పాటే, ఆగిన చోటునుంచి. అయిదు వందలు తిరిగి రాలేదు. నేనయితే ఆ కుర్రవాడిని నాలుగు మాటలు అనేవాణ్ణి. మేస్టారికి కోపం రాలేదో, వచ్చినా వాయిద్యంలోకి ఊదేశాడో తెలియదు.

ఇతరుల పాటలు వాయించి డబ్బు తీసుకోవచ్చునా అని మీలో ఎవరికయినా సందేహం రావచ్చు. చట్టం ఇందులో పెళ్లివారి పక్షమే. 1957 నాటి కాపీరైటు చట్టం, తరువాత చేసిన సవరణలతో, మతకార్యాల్లోనూ పెళ్లి ఊరేగింపుల్లోనూ పాట వినిపించడాన్ని మినహాయించింది. అయినా కొన్నిచోట్ల పెళ్లివారిని రుసుము అడుగుతున్నారని ఫిర్యాదులు వస్తే, పెళ్లికి రుసుము వసూలు చేయరాదని కేంద్రప్రభుత్వం 2023 జూలైలో ప్రకటన చేసింది. మేస్టారికి ఈ చట్టం సంగతి చెప్పేను. ఆయన అంతా విని, "మరి పాట కట్టినాయనకి ఏం వస్తాదండి?" అన్నాడు. నా దగ్గర మంచి జవాబు లేకపోయింది.

మర్నాడు వారికి నరసాపురంలో ఇంకో ముహూర్తం. నేనూ వాళ్లతోనే సఖినేటిపల్లి రేవుకు వచ్చేను. అంతర్వేది కల్యాణం రోజులు. మాఘశుద్ధ దశమి రాత్రి నరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోతే కొత్తది చేయించి, 2021 నుంచి దాన్నే లాగుతున్నారు. పంటు మీద మోటారుసైకిళ్లు, మేకలు, తలనీలాలు ఇచ్చిన కుటుంబాలు, వాటి మధ్య బ్యాండువాళ్ల డ్రమ్ములు.

మేస్టారు ఒక డ్రమ్ము మీద కూర్చుని సెల్‌ఫోను తీగ చెవిలో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మోకాలి మీద పది వేళ్లూ క్లారినెట్టు మీద ఆడినట్టు ఆడుతున్నాయి. ఒక చోట ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ విన్నాడు. మళ్లీ ఆగేడు.

"కొత్తదా?" అన్నాను.

"జగ్గన్నతోటలో ఒక కుర్రోడికి తరువాత అన్నానండి" అన్నాడు. "వాడి మేనత్త కూతురి పెళ్లి మొన్న కుదిరిందట. మేళం మాదే."

వసిష్ఠ మధ్యకు వచ్చేసరికి గాలి ఎక్కువయింది. ఆయన తీగను చెవిలోకి ఇంకొంచెం గట్టిగా నొక్కుకున్నాడు.