అయ్యగారికీ ఓ పలక

గౌలిగూడలో ఉండేవాళ్లకి జూన్ నెల వచ్చిందని క్యాలెండరు చెప్పనక్కర్లేదు. నాలుగడుగులు వేస్తే కోఠి. అక్కడ పాతపుస్తకాల కొట్ల ముందు తల్లులూ పిల్లలూ మూగిపోతారు. "నిరుటి పుస్తకమే కదా, సగం ధరకివ్వవయ్యా" అని బేరాలు. అంతా పిల్లల కోసమే సుమండీ! ఉద్యోగం వచ్చాక, పెళ్లయ్యాక, నలుగురిలో పెద్దరికం వచ్చాక తన కోసం ఓ పుస్తకం కొనుక్కునే మనిషి మన ఇళ్లల్లో అరుదే. పెద్దరికానికీ చదువుకీ ఏదో పాత పగ ఉన్నట్టుంది.

ఇంటిపెద్ద నేర్చుకోవడం మానేస్తే ఆ నష్టం ఆ ఇంటివరకే. సంఘానికి పెద్ద మానేస్తే? మా క్రైస్తవుల ఇళ్లల్లో పాస్టరుగారిని 'అయ్యగారు' అంటాం. పిల్లకి సంబంధం చూసినా, ఆస్పత్రిలో ఆపరేషనన్నా, అన్నదమ్ములు ఆస్తి దగ్గర తగువుపడ్డా ముందు అయ్యగారికే కబురు. ఇంతమంది బతుకుల మీద మాట చెల్లే మనిషి, ఎప్పుడో సెమినరీలో చదివిన చదువుతోనే నలభై ఏళ్లు నెట్టుకొస్తానంటే భయం వెయ్యదూ?

నేనెరిగిన ఒక అయ్యగారున్నారు. పేరెందుకు లెండి. ఆయన క్రిస్మస్ ప్రసంగం మొదలుపెడితే, తర్వాత రాబోయే మాట మా పిన్ని ముందే గొణిగేది. ఒక్క ఏడూ గురి తప్పలేదు! మేం కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం. ఓసారి ఒక తల్లి, పరీక్షల బెంగతో నిద్రాహారాలు మానేసిన కొడుకుని వెంటపెట్టుకొచ్చి ఆయన దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. "ఇంట్లో ప్రార్థన తక్కువైందమ్మా" అని పంపించేశారు. ఆ పూట మాత్రం మాకెవరికీ నవ్వు రాలేదు. తెలియకపోవడం నేరం కాదు. "ఇది నాకు తెలియని సంగతమ్మా, ప్రార్థన చేద్దాం, డాక్టరుకీ చూపిద్దాం, నేనూ కనుక్కుంటాను" అన్న నాలుగు ముక్కలు నోట రాకపోవడమే బాధ.

తెలియదని ఒప్పుకుని నేర్చుకున్న పెద్దలు మన గడ్డ మీద లేకపోలేదు. సికింద్రాబాదులో విజయవాడ బండి ఎక్కితే వరంగల్ దాటాక డోర్నకల్ వస్తుంది. అక్కడ బిషప్పుగా ఉన్న వి.ఎస్. అజరయ్యగారి సొంత సీమ తిరునెల్వేలి, ఇంటి భాష తమిళం. 1874లో పుట్టిన ఆయన 1909లో నైజాం ఇలాకాలోని డోర్నకల్‌కి వచ్చేసరికి 35 ఏళ్లు. అప్పటికే వై.ఎం.సి.ఎ.లో పెద్ద బాధ్యత మోసిన మనిషి, మంచి వక్త. ఒక దుబాసీని పక్కన నిలబెట్టుకుని ఇంగ్లీషుతో కాలం గడిపేయవచ్చు. కానీ తెలుగు నేర్చుకున్నారు. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒక్కటే అక్షరం. ఆ వయసులో మన వత్తులు పలకడానికి ఆ నాలుక ఎన్ని తిప్పలు పడిందో!

అవి ఎలాంటి రోజులనుకున్నారు? ఇప్పుడు మా పక్కన సుల్తాన్ బజారులో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది. ఉర్దూ ఏలే రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి తెలుగువాళ్లే నడుం కట్టవలసి వచ్చిన కాలం. అలాంటప్పుడు ఎక్కడినుంచో వచ్చిన పెద్దమనిషి, అక్షరం ముక్క రాని పల్లె కూలిజనం కోసం వాళ్ల భాష ముందు విద్యార్థి అయ్యారు. 1912లో కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన తొలి భారతీయుడు ఆయనే. బిషప్పయ్యాక కూడా చుట్టూ చూసి నేర్చుకునే గుణం పోలేదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ పెద్దగుడిని చూడండి. గుమ్మటాలు మసీదుని తలపిస్తాయి, స్తంభాలు కోవెలని తలపిస్తాయి.

ఆయన భార్య అన్బు మరియమ్మాళ్, దక్షిణాదిన కాలేజీ మెట్లెక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. పక్కన చదువుకున్న ఇల్లాలుంటే ఏ మగవాడైనా 'నాకంతా తెలుసు' అనడానికి కాస్త జంకుతాడని నా అనుమానం!

ఇది కొత్త సంగతేమీ కాదు. బైబిల్లో అపొల్లో అని ఓ గొప్ప ప్రసంగీకుడున్నాడు. ఆయన చెప్పేదాంట్లో వెలితి ఉందని కనిపెట్టింది ఎవరనుకున్నారు? డేరాలు కుట్టుకు బతికే ప్రిస్కిల్ల, ఆమె భర్త అకుల. నలుగురిలో తీసిపారెయ్యకుండా, విడిగా పిలిచి విడమరిచి చెప్పారు. ఆయన విన్నాడు. వినబట్టే ఇంకా గట్టి బోధకుడయ్యాడు. నేర్పే బాధ్యత మనకీ ఉందన్నమాట. అయ్యగారు పొరపడితే కొంగు చాటున నవ్వుకోవడం కన్నా, మర్యాదగా ఓ ప్రశ్న అడగడం మేలు. మనం అడక్కపోతే ఆయనకి మాత్రం వెతుక్కోవలసిన అవసరం ఏమొస్తుంది?

పౌలు సంగతే చూడండి. చెరసాలలో ఉన్నాడు, చావు దగ్గరపడిందని తెలుసు. ఆ స్థితిలో తిమోతికి ఉత్తరం రాస్తూ, త్రోయలో వదిలివచ్చిన అంగీని తెమ్మన్నాడు. దాంతోపాటు పుస్తకాలూ తెమ్మన్నాడు. చలికి అంగీ సరే, పోయేముందు పుస్తకాలేమిటి అని తిమోతి అనుకున్నాడో లేదో గానీ, మనం మాత్రం అలాగే అనుకుంటున్నట్టుంది. ఏటేటా సన్మానం చేసి అయ్యగారికి శాలువా కప్పి ఊరుకుంటున్నాం. అంగీ బాకీ తీరింది. పుస్తకాల బాకీ అలాగే ఉండిపోయింది.