కౌంటు తగ్గితే జబ్బు పోయినట్టేనా?

రిపోర్టులో తెల్లకణాల అంకె పక్కన నక్షత్రం గుర్తు పడితే చాలు, గుమ్మంలోనే అడిగేస్తారు: "బ్లడ్ క్యాన్సరేనా సార్?"

పెద్దవాళ్లలో ఘనపు మిల్లీమీటరుకు 4,000 నుంచి 11,000 దాకా మామూలు. న్యుమోనియాతో వచ్చిన ఒక పెద్దావిడకు 40,000 దాటింది. కొడుకులు అప్పటికే క్యాన్సర్ ఆసుపత్రుల గురించి వాకబు మొదలుపెట్టారు. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి, కౌంటూ దిగింది. కాలేజీ అమ్మాయి ఒకతెకు 2,000 మాత్రమే. తక్కువేగా, వైరల్ జ్వరమే అనుకున్నారు ఇంట్లోవాళ్లు. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. స్మియర్‌లో, అంటే గాజు పలక మీద పరిచి చూసిన రక్తంలో, బ్లాస్టులనే ఎదగని కణాలు కనిపించాయి. అది అక్యూట్ ల్యుకేమియా. యంత్రం ఇచ్చే అంకె కన్నా, స్మియర్ చూసిన పాథాలజిస్టు మాటకే నేను ఎక్కువ విలువిస్తాను.

లారీ నడిపే ఒకాయన, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందని వచ్చాడు. ఎడమ డొక్క కింద బల్ల, అంటే వాచిన ప్లీహం, చేతికి తగిలింది. కౌంటు 1,80,000. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా. ఈ జబ్బులో పొట్టిదైపోయిన ఒక క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే పరిశోధకులు గుర్తించారు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడమే అందుకు కారణమని 1973లో శాస్త్రవేత్త జానెట్ రౌలీ తేల్చారు. ఆ మార్పిడిలో పడిన అతుకు నుంచి పుట్టే ఎంజైమును అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. బ్రాండు మాత్ర మన దగ్గర అప్పట్లో నెలకు లక్ష రూపాయల పైమాటే ఉండేది. హైదరాబాద్‌లోని నాట్కో లాంటి కంపెనీల జనరిక్ మందుతో అది సామాన్యుడికి అందింది. బ్రాండు మాత్ర తయారుచేసే నోవార్టిస్ పేటెంటు వాదనను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ తీర్పు ఎంతమందిని బతికించిందో మా ఓపీలో కూర్చుంటే తెలుస్తుంది.

ఆ మాత్రతో కొన్ని వారాల్లోనే లారీ ఆయన కౌంటు మామూలుకొచ్చింది, బల్ల కరిగింది. ఆ తర్వాత చాలాకాలం మనిషి కనబడలేదు. మళ్లీ వచ్చేసరికి కౌంటు 90,000.

"నార్మల్ అని మీరే అన్నారుగా సార్, ఇంకా మాత్రలెందుకని మానేశా."

జబ్బు ముదిరి బ్లాస్ట్ దశకు చేరకపోవడం ఆయన అదృష్టం. అందరికీ అలా కలిసిరాదు. కౌంటు సర్దుకున్నా లోపల ఆ అతుకు జన్యువు మిగిలే ఉంటుంది. దాన్ని కొలిచేది బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్ష, మామూలు రక్తకణాల పరీక్ష సీబీపీ కాదు. ఇమాటినిబ్ మాత్ర వాడుతున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఒక్క పూట కూడా మాననివ్వకండి. ఎప్పుడైనా ఆపొచ్చా లేదా అన్నది ఆ పరీక్ష ఫలితాలు చూసి డాక్టరు చెప్పాల్సిన మాట.