బుడ్డల చేల నుంచి అరటి తోటల దాకా

కదిరి దాటి అనంతపురం దారి పట్టాక ముదిగుబ్బ వరకు రోడ్డుకు రెండు వైపులా ఎర్రనేలే. ఆగస్టు మూడో వారం. చేలల్లో వేరుశనగ, ఇక్కడి మాటలో బుడ్డలు, జానెడెత్తు లేచి పసుపు పూత మీదుంది. మధ్యమధ్య ఒక్కో సాలు కంది. ఆకాశంలో మబ్బులకు కొదవ లేదు, చినుకే లేదు.

ఒక చేను గట్టు మీద నిలబడితే అక్కడున్న పెద్దాయన మొక్కను వేళ్లతో పక్కకు వంచి అడుగు చూపించాడు. వాడిన పూల దగ్గర నుంచి ఊదారంగు ఊడలు సూదుల్లా నేలవైపు దిగుతున్నాయి. కొన్ని మట్టిలోకి దూరాయి. కొన్ని గట్టిపడిన పైపొర దగ్గరే ఆగిపోయాయి. "ఈ వారంలో ఒక పదును పడాల సార్. లేదంటే ఇవి పైనే మాడిపోతాయి, కింద బుడ్డ కట్టదు" అన్నాడు. ఊడలు దిగేటప్పుడు ఒక వాన, కాయ ఊరేటప్పుడు ఇంకో వాన. ఏడాది కష్టమంతా ఆ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బులను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. అయినా ఒకప్పుడు ఇక్కడ ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగ వేసేవారు. కొర్ర, సజ్జ, జొన్న పండిన నేలలను కూడా నూనెగింజల ధర లాగేసుకుంది. 1940లో తమిళనాడులోని తిండివనం నుంచి వచ్చిన టీఎంవీ-2 రకం దశాబ్దాల పాటు ఈ చేలను ఏలింది. తర్వాత కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కె-6 ఊరూరా పాకింది. ఇప్పుడు అదే కేంద్రం నుంచి వచ్చిన కదిరి లేపాక్షి గురించి రచ్చబండల దగ్గర వాదులాడుకుంటున్నారు. కాపు బాగుందని కొందరు, గింజలో నూనె తక్కువని వ్యాపారి ధర కోస్తాడని కొందరు.

ఒకే పంట మీద ఇంత నేల ఆధారపడితే ఏమవుతుందో 2000లో తెలిసింది. కాండం కుళ్లు వైరస్ సుమారు 2.25 లక్షల హెక్టార్ల పంటను దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. గట్ల మీద విచ్చలవిడిగా పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది. పొలం మీద తిరిగే తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి మొక్కలకు అంటించాయి. అప్పటికే వరుస కరువులతో కుంగిన రైతుకు కలుపు మొక్క కూడా శత్రువైంది. తర్వాతి ఏళ్లలో చాలామంది వేరుశనగ తగ్గించి కందిని ఏకపంటగా వేయడం మొదలుపెట్టారు. బోరులో నీళ్లు పడినవాళ్లు మాత్రం చెట్ల వైపు మళ్లారు.

ఆ మళ్లింపును చూడాలంటే అనంతపురం మార్కెట్ యార్డుకు పొద్దున్నే వెళ్లాలి. యార్డు నేల మీద చీనీ కాయలు కుప్పలు కుప్పలుగా పోసి ఉంటాయి. కోస్తా, తెలంగాణ వాళ్లు బత్తాయి అనేది వీటినే. వ్యాపారి నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని తొక్క నునుపు, రంగు, మచ్చ చూసి టన్నుకు ధర చెప్తాడు. కాయ ఎంత రసంగా ఉన్నా పైన మంగు ఉంటే ధర దిగిపోతుంది. దానికి తోడు టన్నుకు ఇన్ని కిలోలని తీసేసే 'సూటు' ఒకటి. రైతుల అసలు కోపం దాని మీదే.

నార్పల మీదుగా పుట్లూరు వైపు వెళ్తుంటే కళ్లు నమ్మవు. ఎర్రనేల మధ్య హఠాత్తుగా పచ్చటి గోడల్లా అరటి తోటలు. అన్నీ టిష్యూకల్చర్ జి-9 మొక్కలే. ప్రతి వరుసకూ నల్లటి డ్రిప్ పైపు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మసేద్యం పథకం మొదలై సబ్సిడీ మీద పరికరాలు రావడం ఈ మార్పుకు పెద్ద ఊతం. 2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం వెనుక జలాలు జీడిపల్లి రిజర్వాయరుకు చేరాక కాలువ పక్క ఊళ్లలో బోర్లకూ ఊపిరి వచ్చింది. అది అందని చోట పందెం మారిందంతే. అప్పుడు మబ్బు మీద కాసినవాళ్లు ఇప్పుడు రాతి పగుళ్ల మీద కాస్తున్నారు. బోరు వేసి నీళ్లు పడకపోతే అప్పు అక్కడే మొదలవుతుంది.

ఒక తోటలో కోత చూశాం. గెలలకు కాయ మచ్చపడకుండా ప్లాస్టిక్ సంచులు తొడిగి ఉన్నాయి. ఒకరు గెల నరికితే ఇంకొకరు నేలకు తగలకుండా భుజం మీదకు అందుకుంటున్నారు. షెడ్డులో హస్తాలుగా విడదీసి, పాలజిగురు పోయేలా పటిక కలిపిన నీటి తొట్టిలో కడిగి, తుడిచి, సుమారు 13 కిలోల చొప్పున అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. కాయ పొడవు, లావు కుదరనివన్నీ పక్కకు. అవి లోకల్ మార్కెట్‌కు వెళ్తాయి.

2020 జనవరి 30న తాడిపత్రి నుంచి 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటి ముంబైలోని జేఎన్‌పీటీ రేవుకు రైల్లో బయల్దేరింది. అదే ఏడాది సెప్టెంబరు 9న దక్షిణ భారతంలో తొలి కిసాన్ రైలు అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆదర్శ్‌నగర్‌కు 322 టన్నుల పండ్లు, కూరగాయలతో కదిలింది. వేరుశనగ పక్క తాలూకా నూనె మిల్లు దాకా వెళ్తే గొప్ప అనుకున్న జిల్లాలో, ఇప్పుడు రైతు గల్ఫ్ ధరల గురించి, కంటైనర్ల కొరత గురించి మాట్లాడుతున్నాడు. ఎక్కడో రేవులో సరుకు ఆగితే పుట్లూరులో గెల చెట్టుకే పండిపోతుంది.

షెడ్డులో పెట్టెలు మోస్తున్న నడివయసు మనిషిని ఏ ఊరని అడిగితే ముదిగుబ్బ దగ్గరన్నాడు. సొంతంగా నాలుగెకరాల మెట్ట ఉందట, వేరుశనగ వేశాడట. బోరు లేదు. కలుపు తీత అయ్యాక కూలికి ఇటు వచ్చాడు. ఊడలు దిగే రోజులు కదా అంటే పదును పడిందేమోనని ఇంటికి ఫోన్ చేశాడట, ఇంకా పడలేదన్నారట. పంట పీకే రోజులకు తిరిగి పోతాడు. మేస్త్రీ కేకేయడంతో ఇంకో పెట్టె ఎత్తుకుని లారీ వైపు నడిచాడు.